అద్దంలో కానుగ చెట్లు

మాదాపూర్‌లో మా ఆఫీసు ఉన్న టవర్ ముందువైపు అంతా అద్దమే. నేల నుంచి పై అంతస్తు దాకా ఒక్క ఇటుక కనబడదు. ఆ బిల్డింగు బాగోగులు చూడ్డం నా ఉద్యోగం. ఏసీ పనిచెయ్యకపోయినా నన్నే పిలుస్తారు, లిఫ్టు ఆగినా నన్నే పిలుస్తారు, అద్దానికి తగిలి పిట్ట చచ్చిపడినా నన్నే పిలుస్తారు. పిలిచి, "అజయ్ గారూ, ఎవరైనా చూడకముందే తీయించెయ్యండి" అంటారు. తీయించడం గురించి తప్ప, చావకుండా చూడ్డం గురించి ఒక్కరూ మాట్లాడరు.

ఎందుకు చస్తున్నాయన్నది పెద్ద రహస్యమేం కాదు. అద్దంలో ఆకాశం కనిపిస్తుంది, చెట్లు కనిపిస్తాయి. అది అద్దమని పిట్టకు తెలియదు, అటే ఎగురుతుంది. ఆపాలంటే అద్దానికి బయటివైపు చుక్కలు అతికించాలి. చుక్కకూ చుక్కకూ మధ్య అరచెయ్యి పట్టనంత దగ్గరగా ఉంటే చాలు, ఇక్కడ దారి లేదని పిట్ట పక్కకు తిరిగిపోతుంది. ఈ రెండు ముక్కలు మా అడ్మిన్ హెడ్ నరసింహమూర్తి గారి చెవికి ఎక్కించడానికి నాకు ఎండాకాలమంతా పట్టింది.

ఆయనది కాకినాడ. మాట మెత్తన, పని మాత్రం జరగదు. ముందు అద్దానికి గద్ద బొమ్మ ఒకటి అతికించారు. దాని పక్కనే గోరింక గుద్దుకుని చచ్చింది. తర్వాత వాస్తు ఆయన్ని పిలిపించి, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించి, నాలుక బయటపెట్టిన దిష్టిబొమ్మ తగిలించారు. పిట్టలకు దిష్టి తగులుతోందని ఆయన ఉద్దేశం కాబోలు. చివరికి నా పోరు పడలేక చుక్కల ఫిల్మ్ తెప్పించారు. తెప్పించి, లోపలివైపు అతికించారు.

"బయట వేస్తే లుక్ పోతుందండీ," అన్నారు.

"సార్, చెట్ల నీడ పడేది బయటివైపున. లోపల అతికిస్తే పిట్టకేం కనబడుతుంది?"

"చుక్కలు చుక్కలే కదండీ. ఓ నెల చూద్దాం."

తల గోడకేసి కొట్టుకుందామనుకున్నాను. ఆ బిల్డింగులో గోడ కూడా అద్దమే.

కింది అంతస్తులో ఉద్యోగుల పిల్లల కోసం క్రెష్ ఉంది. నా కూతురు సంయుక్త అక్కడే ఉంటుంది. నాలుగేళ్ళది. నా భార్య దివ్య నార్సింగిలో వేరే కంపెనీలో చేస్తుంది, ఇల్లేమో మదీనాగూడలో. అందుకని పిల్లను తెచ్చేదీ తీసుకెళ్ళేదీ నేనే. క్రెష్ చూసుకునే వసంతక్క సాయంత్రాలు పిల్లలను బయట పచ్చగడ్డి మీద ఆడిస్తుంది. ఎదురుగా ఆ అద్దమే ఉంటుంది.

వానలు మొదలయ్యాక, పార్కింగ్ కోసమని గడ్డి అంచున ఉన్న కానుగ చెట్లన్నీ కొట్టేశారు. మొదళ్ళతో సహా పెకలించి, చుట్టూ రేకులు పాతారు. నాకు చాలా బాధేసింది. కానీ చెట్లే లేకపోతే అద్దంలో చెట్లు కనబడవు, పిట్టలు చావడమైనా ఆగుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఆగలేదు. ఎక్కువైంది.

పొద్దున్నే వచ్చేసరికి అద్దం కింద గువ్వలు, తేనెపిట్టలు. ఒకరోజు రామచిలుక, ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని తలెత్తాను. అద్దంలో కానుగ చెట్లు ఉన్నాయి. కానుగ పూసేది ఎండాకాలంలో, ఇవి వానల్లో నిండా పూత మీద ఉన్నాయి. కొమ్మలు మెల్లగా ఊగుతున్నాయి. వెనక్కి తిరిగాను, రేకులు. మళ్ళీ అద్దం వైపు తిరిగాను, చెట్లు. బయట గాలి అన్నదే లేదు. కానుగ పూల వాసన మాత్రం ముక్కుకు తగులుతోంది.

ఫోన్ తీసి ఫోటో కొట్టాను. ఫోటోలో రేకులే పడ్డాయి. అది పట్టుకెళ్ళి ఎవరికి చూపించను? లేని చెట్లు కనబడుతున్నాయంటే నన్నే ముందు ఇంటికి పంపిస్తారు. చిలుకను కవర్లో చుట్టి, చెత్తబండి వచ్చాక ఇచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే సంయుక్త నా వేలు పట్టుకుని అద్దం ముందు ఆగిపోయింది.

"నాన్నా... చిలుక," అంది, గొంతు తగ్గించి.

"ఎక్కడమ్మా?"

"ఆ చెట్టు మీద. అన్నీ అక్కడే ఉన్నాయి. నువ్వు కవర్లో పెట్టేవన్నీ."

నాకు పిట్టలు కనబడలేదు. కానీ చెట్లున్న చోట పిట్టలు ఎక్కడుంటాయో అక్కడికే దాని చూపు పోతోంది, కొమ్మ తర్వాత కొమ్మ.

"నేనూ పోతా నాన్నా," అంది.

పిల్లను ఎత్తుకుని వసంతక్క దగ్గరకు తిరిగి వెళ్ళాను. ఆమె ముఖం చూస్తేనే తెలిసింది, ఆమెకూ ఏదో అనుమానం ఉందని.

"మీకు చెప్దామనే అనుకుంటున్న సార్," అంది. "పాప దినాం ఆ అద్దం దిక్కే ఉర్కుతది. చేతులు జాపి, పిట్ట లెక్క ఉర్కుతది. నాకు జర భయమైతుంది."

మర్నాడు మళ్ళీ నరసింహమూర్తి గారి గదికి వెళ్ళాను. పిట్టల సంగతి వదిలేయండి, పిల్లలు పరిగెత్తి గుద్దుకుంటే ఎవరిది బాధ్యత అని అడిగాను. గొంతు పెంచే అడిగాను. ఫారిన్ క్లయింటు వస్తున్నారు, వాళ్ళు వెళ్ళేదాకా అద్దం మీద చెయ్యి పడకూడదు అన్నారాయన. అదే మెత్తని గొంతు. ఆ గొంతు వింటేనే ఒళ్ళు మండిపోయింది.

"ఆయన్ని అడుగుడేంది సార్," అంది వసంతక్క. "ముగ్గుపిండి ఉన్నది నా దగ్గర. నీళ్ళల్ల కలిపి చుక్కలు పెడత. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

క్రెష్ ముందు అద్దానికంతా, నిచ్చెన అందినంత ఎత్తు దాకా, వేలితో చుక్కలు పెట్టింది. మధ్యలో నేను అరచెయ్యి ఆనించి చూస్తూ, ఇక్కడ ఇంకొకటి, ఇక్కడ ఇంకొకటి అంటూ నిలబడ్డాను. పైన పోర్టికో కప్పు ఉంది కాబట్టి వానకు కారలేదు. ఆ తర్వాత అటువైపు ఒక్క పిట్ట పడలేదు. చుక్కల వెనక చెట్లు కూడా కనబడలేదు. సంయుక్త మళ్ళీ బంతి కోసం పేచీలు పెట్టడం మొదలెట్టింది. చాన్నాళ్ళకు నేను కంటినిండా నిద్రపోయాను.

క్లయింటు వచ్చే రోజున, పిల్లను దింపీ దింపకముందే, నన్ను నార్సింగి బ్రాంచికి పంపారు. జనరేటర్ చూడాలట. జనరేటర్‌కు ఏ రోగమూ లేదు. నేను ఎదురుగా ఉంటే పిట్టల పురాణం విప్పుతానని పక్కకు తప్పించారు, అంతే. తిట్టుకుంటూ పనంతా చూసుకుని, ట్రాఫిక్‌లో పడి వచ్చేసరికి సాయంత్రమైంది. మబ్బు పట్టి ఉంది. లైట్లు ఇంకా వెయ్యలేదు.

అద్దం తళతళలాడుతోంది. వసంతక్క పెట్టిన చుక్క ఒక్కటీ లేదు.

వసంతక్క గడ్డి మీదికి ఎదురొచ్చింది. "సారు కడిగిపిచ్చిండు," అంది. "మొత్తుకున్న సార్. ఇనలే."

"పాపేది?"

"గీడనే ఉండె..."

అప్పుడు చూశాను. గడ్డికి అవతలి కొసన. రెండు చేతులూ బారజాపి. పరిగెడుతోంది.

అద్దంలో చెట్లున్నాయి. ముందుకంటే పెద్దవి. చీకటిగా ఉన్నాయి. ఈసారి నాకూ కనబడ్డాయి... కొమ్మ నిండా పిట్టలు. గువ్వలు, గోరింకలు, చిలుక. ఒక్కటీ కూయడం లేదు. ఒక్కటీ కదలడం లేదు. అన్నీ ఇటే చూస్తున్నాయి.

"సంయూ..." అరిచాను.

పరిగెత్తాను. గడ్డి తడిగా ఉంది, కాలు జారింది. లేచాను. పిల్ల పోర్టికో స్తంభం వెనక్కి వెళ్ళింది. స్తంభం వెనక అద్దమే. ఇక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు నాకు తెలుసు, ఎన్నిసార్లు విన్నానో. కళ్ళు మూసుకున్నాను...

రాలేదు.

కళ్ళు తెరిచాను. స్తంభం వెనక నుంచి సంయుక్త నడుచుకుంటూ వచ్చింది. మెల్లగా, కొత్త నేల మీద అడుగు వేస్తున్నట్టు. మోకాళ్ళ మీద పడి పిల్లను గుండెకు హత్తుకున్నాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. దెబ్బ లేదు, గీత లేదు. జుట్టులో కానుగ పూల వాసన వేస్తోంది. తలెత్తి చూస్తే అద్దంలో రేకులు, మబ్బు, మేమిద్దరం. చెట్లు లేవు. పీడ వదిలింది అనుకున్నాను.

దారంతా పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. భయపడిందేమోలే అనుకున్నాను. ట్రాఫిక్ దాటి ఇంటికి వచ్చేసరికి రాత్రయింది, దివ్య ఇంకా రాలేదు. గీజర్ వేసి, పిల్లకు నీళ్ళు పోద్దామని గౌను విప్పాను.

పుట్టినప్పుడు వేసిన టీకా మచ్చ కుడి భుజం మీద ఉంది.

తడి చేత్తో రుద్దాను. పోలేదు. నా చొక్కా లాగి చూసుకున్నాను. నాది ఎడమ భుజం మీదే ఉంది. అందరికీ అక్కడే వేస్తారు. దానికి వేసినప్పుడు కాళ్ళు పట్టుకుంది నేనే. ఎడమ చెయ్యే. పిల్లను అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎడమ భుజం నున్నగా ఉంది.

"సంయూ," అన్నాను.

తల ఒక పక్కకు వంచి, ఒంటి కన్నుతో నన్ను చూసింది.

ఫోన్ మోగింది. నరసింహమూర్తి గారు.

"అజయ్ గారూ, మీరే గెలిచారండీ. పొద్దున క్లయింటు మేడమ్ కాళ్ళ దగ్గరే గువ్వ పడింది. ఆవిడ మండిపడిందనుకోండి. అప్పటికప్పుడు ఫిల్మ్ వాళ్ళకు ఫోన్ చేశాను, సాయంత్రం మీరటు వెళ్ళగానే వచ్చారు. క్రెష్ వైపు అంతా ఇప్పుడే పూర్తయిందట. బయటివైపు, దగ్గర దగ్గర చుక్కలు, మీరు అన్నట్టే."

"తీయించెయ్యండి సార్," అన్నాను.

"ఏంటండీ?"

"తీసెయ్యమనండి. ఇప్పుడే. నేను వస్తున్నా."

"మీతో చచ్చే చావొచ్చిందండీ. వేసేదాకా నా ప్రాణం తీశారు, వేశాక తీయమంటారు. అది ఊడేది కాదండీ." నవ్వారాయన. "అన్నట్టు, క్రెష్‌కు తాళం వేశాక లోపల ఏదో పిట్ట చిక్కుకుపోయినట్టుంది. ఫిల్మ్ కుర్రాళ్ళు చెప్పారు. అద్దాన్ని కొడుతూనే ఉందట... కింద, నడుం ఎత్తులో. ఏం కంగారు లేదండీ. పొద్దున తీయిద్దాం."