కాళ్లతో నేర్చిన థాయ్ మాటలు

“మళ్లీ చెప్పు,” అంది సునంద.

“సవద్దీ ఖా.”

“ఖా కాదప్పా. ఆడోళ్లు ఖా అంటారు. మగోళ్లు ఖ్రప్ అనాల.”

“మరి నువ్వు ఖా అంటివే.”

“నేను ఆడదాన్ని గనక అంటి. నువ్వు ఈ మీసాలు పెట్టుకోని ఆ దేశంలో దిగి ఖా అంటే, జనాలు నిలబడి చూస్తారు.”

ఓబిలేష్ మీసాలు తడుముకున్నాడు. నిజానికి అవి అంత గొప్ప మీసాలేం కావు, సునంద మర్యాదకి అలా అంది. నమస్కారం దగ్గరే మొదటి రోజు క్లాసు ఆగిపోయింది. శిష్యుడికి రోషం వచ్చింది, గురువుకి నవ్వు ఆగలేదు.

సంగతేమిటంటే, థాయిలాండ్‌లో ఒక పట్టునేత శిక్షణ కేంద్రం వాళ్లు ధర్మవరం చీర మీద మనసు పడ్డారు. అంచు ఒక రంగు, చీరంతా ఇంకో రంగు నేసి, రెండింటినీ మగ్గం మీదే కలిపే పని తమ వాళ్లకు ఏడాది పాటు నేర్పే నేతగాడు కావాలన్నారు. ఓబిలేష్ పంపిన చీర ముక్క వాళ్లకు నచ్చింది. ఇక నెలాఖరుకి వీడియోలో ఇంటర్వ్యూ. అక్కడి నేతవాళ్లకు ఇంగ్లీషు రాదు కాబట్టి తిండి, నీళ్లు, దారం, రా, పో లాంటి రోజువారీ మాటలైనా థాయ్‌లో రావాలని షరతు పెట్టారు.

వీధిలో మరమగ్గాల చప్పుడు ఏటికేడు పెరుగుతోంది. ఈ అవకాశం పోతే తన చేతిమగ్గం కూడా పీకేయక తప్పదని ఓబిలేష్‌కి తెలుసు.

సునంద రెండు వీధుల అవతల ఉండే తిప్పన్న కూతురు. బెంగళూరులో హోటల్ గదులు బుక్ చేసే కంపెనీలో చేరితే వాళ్లే థాయ్ నేర్పించి, అక్కడి కస్టమర్ల ఫోన్లు ఎత్తమన్నారు. ఇప్పుడు అదే ఉద్యోగం ఇంటి నుంచి చేస్తోంది. పొద్దున ఆమె కిటికీ పక్కన ఎవరైనా నిలబడితే, ఏసీ పనిచేయని ఎవరినో ఆమె థాయ్‌లో ఓదార్చడం వినిపిస్తుంది. ఓబిలేష్ అలా చాలాసార్లు నిలబడ్డాడు. భాష మీద ఇష్టమని అందరికీ చెప్పుకున్నాడు.

అంత ఇష్టమున్నా భాష మాత్రం అతని మీద దయ చూపలేదు. కుర్చీలో కూర్చోబెట్టి నేర్పిన మాట గడప దాటేలోపే జారిపోయేది.

“నీళ్లు?” అని అడిగేది సునంద.

“తెలుసు. నోటి దాకా వచ్చింది.”

“వస్తే బయటికి పంపు.”

“ఇప్పుడే లోపలికి పోయింది.”

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఓబిలేష్ తల్లి లక్ష్మీనరసమ్మకు మణికట్టు వాచింది. ఆ రకం చీర ఒక్కరితో అయ్యేది కాదు. మగ్గం గుంతలో నేతగాడు కూర్చుంటే, కుడిపక్కన ఇంకొకరు కూర్చుని, అంచు దారం చుట్టిన నాడె విసరాలి. ఇన్నేళ్లూ ఆ చెయ్యి లక్ష్మీనరసమ్మది. ఇప్పుడు ఎవరో పెళ్లివాళ్లు చెప్పిన చీర సగంలో నిలిచిపోయింది.

“నేను కూర్చుంటా లే అత్తా,” అంది చూడ్డానికొచ్చిన సునంద. “మా మగ్గం అమ్మేదాకా మా అమ్మ పక్కన నేనే కదా నాడె విసిరింది. చేయి మర్చిపోయి ఉండదు.”

చేయి మర్చిపోలేదు. సాయంత్రం డ్యూటీ అయిపోగానే వచ్చి, చున్నీ నడుముకి చుట్టుకుని, ఓబిలేష్ పక్కన కూర్చునేది. అతని భుజానికీ ఆమె భుజానికీ మధ్య ఉన్న జాగా గురించి మనం ఎక్కువ చెప్పుకోవద్దు, అక్కడ పెద్దగా జాగా లేదు.

నాడె విసురుతూ ఊరికే ఉండటం ఎందుకని ఆమె మాటలు అందుకుంది.

“నామ్ అంటే నీళ్లు.”

టక్. నాడె ఇటు వచ్చింది.

“నామ్,” అన్నాడు ఓబిలేష్, కాలి కింద చెక్క తొక్కుతూ.

“ఫెత్ అంటే కారం. అరోయ్ అంటే రుచిగా ఉండాదని.”

“ఫెత్. అరోయ్.”

ఆశ్చర్యం, మాటలు నిలిచాయి. కాళ్లు ఆడుతుంటే ఒక్కొక్క మాటా పడుగులో పోగులా వచ్చి కూర్చుంది. లక్ష్మీనరసమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెచ్చి పెడితే అతను బజ్జీ కొరికి, కళ్లనీళ్లతో, “ఫెత్, అమ్మా, అరోయ్” అన్నాడు.

“ఏమంటాండాడే వీడు?” అంది ఆమె భయంగా.

“బజ్జీ బాగుందంట అత్తా.”

“ఆ మాట తెలుగులో ఒక్కనాడన్నా అన్నాడా?”

మరో సాయంత్రం సునంద చెప్పింది, “వాళ్లు ఎదురైతే ముందు అడిగేది ‘కిన్ ఖావ్ రు యాంగ్’ అని. బువ్వ తిన్నావా అని. లేకుంటే ‘పై నై’ అంటారు. యాడికి పోతాండావు అని.”

ఓబిలేష్ కాళ్లు ఆపేశాడు. “మనోళ్లే కదా వాళ్లు. అంతదూరం పోయి ఎట్ల బతకాలో అని పరేషాన్ అవుతాంటి.”

“ఫొన్ తోక్ అంటే వాన పడతాండాది.”

“ఆ మాట నాకెందుకు? ఈడ ఎప్పుడు వాడేది?”

“ఆడ దినామూ వాడతావులే.” ఆమె గొంతు కొంచెం తగ్గింది. “ఏడాదంతా వాడతావు.”

అతను వినలేదనుకుంది. అతను విన్నాడు. తను బాగా నేర్చుకుంటే ఆమెను వదిలి పోతాడు, నేర్చుకోకపోతే మగ్గం పోతుంది. ఇదేం లెక్క దేవుడా అనుకున్నాడు.

“సునందా, ప్రేమని ఏమంటారు?”

నాడె ఆమె చేతిలోనే ఉండిపోయింది. “ఆ మాట ఇంటర్వ్యూలో అడగరు.”

“ఊరికే తెలుసుకుందామని.”

“సిలబస్‌లో లేనివి నేను చెప్పను. కాళ్లు ఆడించు.”

శిక్షణ కేంద్రం వాళ్లు నేస్తున్నప్పటి వీడియో పంపమంటే లక్ష్మీనరసమ్మ ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని తీసింది. అందులో సగం సీలింగ్ ఫ్యాను, మిగతా సగంలో ఓబిలేష్, అతని పక్కన సునంద గాజుల చెయ్యి, అప్పుడప్పుడూ ఆమె నవ్వు.

ఇంటర్వ్యూ తిప్పన్న ఇంట్లో, సునంద లాప్‌టాప్ మీద జరిగింది. అవతల మాలీ గారు, ఆ కేంద్రాన్ని నడిపే పెద్దావిడ. సునంద కెమెరాకి కనపడకుండా గోడవారగా కూర్చుంది.

మాలీ గారు నవ్వి ఏదో అడిగారు. ఓబిలేష్ బుర్ర ఖాళీ అయింది. నమస్కారం కూడా గుర్తు లేదు. చెమట కారింది. అప్పుడు బల్ల కింద అతని కాళ్లు వాటంతటవే మగ్గం తొక్కడం మొదలుపెట్టాయి. ఎడమ, కుడి, ఎడమ.

“సవద్దీ ఖ్రప్,” అన్నాడు. ఆ వెనకే నీళ్లు వచ్చాయి, అన్నం వచ్చింది, కారం వచ్చింది. మాలీ గారు పట్టలేక నవ్వారు. గోడవార సునంద కళ్లు మెరిశాయి.

తర్వాత ఆవిడ వీడియో సంగతి ఎత్తి, అతనికి తెలిసిన మాటల్లోనే నింపాదిగా అడిగారు. పక్కన ఉన్నది ఎవరు?

ధర్మవరంలో చీర నేసిందెవరంటే గుంతలో కూర్చున్నవాడి పేరే చెప్తారు. పక్క నాడె విసిరేది అమ్మో, భార్యో, చెల్లెలో, ఆ పేరు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఓబిలేష్ కూడా చిన్నప్పటి నుంచి అంతే విన్నాడు. అందుకే ఆలోచించకుండా, నేర్చుకున్న మాటలు వచ్చాయన్న సంబరంతో చెప్పేశాడు.

“మై మీ ఖ్రప్. ఖొన్ దియావ్.”

ఎవరూ లేరండీ. ఒక్కడినే.

మాలీ గారి నవ్వు తగ్గింది. ఈ నేత ఒక్క మనిషితో కాదని నాకు తెలుసు, బాగా ఆలోచించి రేపు చెప్పండి అని పెట్టేశారు. సునంద ఆ మాటల్ని తెలుగులో చెప్పింది, బ్యాంకులో నోటీసు చదివినట్టు.

“ఏమైంది? నేను తప్పు మాట వాడినానా?” అన్నాడు ఓబిలేష్.

“మాటలు బాగానే ఉండాయి. ‘మై మీ’ అని నేర్పించింది నేనే. తీస్కపోయి నా మీదనే వాడితివి.”

“అట్ల కాదు, మనకాడ అందరూ...”

“అందరూ అంటారు. మా అమ్మను కూడా అన్నారు. నువ్వూ అంటావని అనుకోలేదు.” లాప్‌టాప్ మూసేసింది. “నాకు డ్యూటీ టైం అయింది. పో.”

ఆ సాయంత్రం ఆమె రాలేదు. ఓబిలేష్ గుంతలో దిగి, ఒక్కడే అటూ ఇటూ వంగి రెండు నాడెలూ విసరబోయాడు. దారం తెగింది. ముడివేస్తే మళ్లీ తెగింది.

లక్ష్మీనరసమ్మ గడపలో కూర్చుని చూస్తోంది. జరిగిందంతా విని, మెల్లగా అంది.

“మీ నాయన ఈశ్వరప్ప ఉన్నన్నాళ్లూ అందరూ ఆయన నేసిన చీర అనే అన్నారు. మంచోడే పాపం, నన్నెప్పుడూ ఒక మాట అనలేదు. అట్లనే ‘మేమిద్దరం నేసినాం’ అని కూడా ఏనాడూ అనలేదు. అంటాడేమోనని చూస్తాంటి.” వాచిన మణికట్టు చూసుకుంది. “ఈ చెయ్యి ఊరికే వాచిందా నాయనా?”

ఓబిలేష్ గుంతలోంచి లేచి వచ్చి, ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని కూర్చున్నాడు.

“నా దగ్గర కూర్చుంటే ఏమొస్తాది,” అంది ఆమె కళ్లు తుడుచుకుని. “రేపు జల్దీ లేచి ఆ పిల్లకాడికి పో.”

పొద్దున అతను బయల్దేరేసరికి నాలుగు చినుకులు పడ్డాయి. తిప్పన్న వీధి చేరేలోపే ఆగిపోయాయి. మన అనంతపురం వాన అంతే, హాజరు వేయించుకుని పోతుంది.

తిప్పన్న అరుగు మీద చెనిక్కాయలు ఒలుచుకుంటున్నాడు. “ఏమప్పా ఓబిలేశా, యాడికి?”

“మీ ఇంటికే మామా. మీ పాపతో పనుండాది. మీరూ ఉండాల.”

సునంద తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. లోపలికి రమ్మనలేదు. అతను అక్కడే, అరుగు ముందర నిలబడి, తన ఫోన్‌లో మాలీ గారికి వీడియో కాల్ చేశాడు. కాళ్లు మట్టిలో మగ్గం తొక్కుతున్నాయి. తిప్పన్న చెనిక్కాయలు వదిలేసి ఆ కాళ్లనే చూస్తున్నాడు.

“సోంగ్ ఖొన్ ఖ్రప్,” అన్నాడు ఓబిలేష్. ఇద్దరం అండీ. ఫోన్ తిప్పి తలుపు దగ్గరున్న ఆమెను చూపించాడు. “సునంద.”

తర్వాత తెలుగులో ఆమెతో అన్నాడు. “చీర ఇద్దరం నేసినాం. నిన్న నేనన్నది తప్పు. ఈ పని ఇస్తే ఇద్దరికీ ఇయ్యాల, లేకుంటే నాకొద్దు. మగ్గం పోతే పోనీ. ఈ ముక్క ఆమెకు నువ్వే చెప్పాల, నాకు అన్ని మాటలు రావు.”

సునంద కళ్లు దించుకుంది. తర్వాత ఫోన్ అందుకుని థాయ్‌లో చెప్పింది, మొదట మెల్లగా, తర్వాత గబగబా. మాలీ గారు విని, తలూపి, ఆ వెంటనే కొంటెగా ఏదో అడిగారు. సునంద చెవులు ఎర్రబడ్డాయి.

“ఏమంటాండాది ఆయమ్మ?” అన్నాడు తిప్పన్న.

సునంద చున్నీ కొస సర్దుకుంది.

“నిన్నే పాపా.”

“ఇద్దరికీ ఇస్తారంట నాయనా. కానీ... ఈయప్పకు నేను ఏమవుతానని అడుగుతాండాది.”

ఓబిలేష్ తిప్పన్న వైపు చూశాడు. “మామా, దానికి జవాబు నాకు తెలుసు. థాయ్‌లో రాదు. మీ పాప నేర్పలేదు. సిలబస్‌లో లేదనింది.”

తిప్పన్న కూతురి మొహం చూశాడు. ఆ మొహంలో ఏం కనిపించిందో గానీ, చెనిక్కాయ ఒకటి నోట్లో వేసుకున్నాడు. “నేర్పు మరి. పాపం ఆయమ్మను ఎంతసేపు ఫోన్‌లో నిలబెడతారు?”

“నాయనా...”

“ముందు లగ్గం, తర్వాతనే విమానం. అది మాత్రం ఆయమ్మకు గట్టిగా చెప్పు.”

సునంద ఓబిలేష్ వైపు తిరిగింది. నిన్నటి కోపం ఎక్కడైనా మిగిలిందేమోనని వెతుక్కుని, దొరక్క వదిలేసింది.

“రక్,” అంది చిన్నగా.

“ఫొమ్ రక్ సునంద,” అన్నాడు ఓబిలేష్.

మాలీ గారు చప్పట్లు కొట్టారు. సునంద మాత్రం కిందికి, అతని పాదాల వైపు చూస్తోంది. ఈ ఒక్క మాటకి అవి మట్టిలో కదలకుండా ఉన్నాయి.