క్యాష్‌లో పాత అంకె

"హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఊదుతున్నా ముప్పై ఆరేనా? మీ సాఫ్ట్‌వేర్‌కి చలేస్తోందా ఏంటండీ?"

సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసే అమ్మాయి ఆ మాట అనేసరికి ప్రోగ్రామర్ చెవులు ఎర్రబడ్డాయి.

నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లలను వెచ్చగా ఉంచే పెట్టె అది. వేడి ఎంత పెరిగినా స్క్రీన్ మీద అంకె కదలడం లేదు. సాయంత్రంలోగా బాగుపడకపోతే పని మొత్తం వేరే ఊరి ఆఫీసుకు పోతుంది. పనితోపాటు ఆమె కూడా.

ఆ రెండో సంగతే అతనికి మింగుడు పడటం లేదు. తమ ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. తప్పు జరగకూడదని రాసిన ప్రతి లైనూ తిరగేసి చూసుకునే మనిషి.

"నా ప్రోగ్రామ్ అంకె చదువుతూనే ఉంది మేడమ్. వేడి కొలిచే మీ చిప్‌లోనే అది మారడం లేదు."

"అలాగా!"

ఆమె సిగ్నళ్ళను గీతలుగా చూపించే ఆసిలోస్కోప్ వైరు తెచ్చి చిప్ కాలికి ఆనించింది. తెర మీద గీతలు గబగబా మారిపోతున్నాయి.

"చూడండి, నా చిప్ గొంతు చించుకుని చెబుతోంది. వినేవాళ్ళేరీ?"

అతను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

వాళ్ళు వాడుతున్నది ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరైనా లోపలికి తొంగి చూడొచ్చు. వెతుక్కుంటూ వెళ్ళి, చిప్ ఏ అడ్రసులో ఉందో ప్రాసెసర్‌కి చెప్పే లైను దగ్గర ఆగిపోయాడు. ఆ లైను రాసింది తనే! చిప్‌ని మామూలు మెమరీ అనుకోమని ప్రాసెసర్‌కి చెప్పాడు. అది ఒక్కసారి చదివి, ఆ అంకెను క్యాష్ అనే తన చేతికింది చిన్న మెమరీలో దాచుకుని, ఎప్పుడడిగినా అదే అప్పజెబుతోంది. మళ్ళీ చిప్ వైపు చూస్తే ఒట్టు.

"తప్పు నాదే మేడమ్," అన్నాడు నెమ్మదిగా.

క్యాష్ వద్దని మార్చి, పెట్టెను ఆన్ చేశాడు; ఆమె మళ్ళీ డ్రయ్యర్ ఊదింది. ముప్పై ఆరు కాస్తా ముప్పై తొమ్మిదికి ఎగబాకింది. వేడి మించిందని అలారం గొల్లుమంది.

"పని చేస్తోందా?" పక్క గదిలోంచి మేనేజర్ కేక.

"చేస్తోంది సార్!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"హమ్మయ్య," అన్నాడతను, నవ్వు తెచ్చిపెట్టుకుని. "ఇక మీరు నిశ్చింతగా పెళ్ళి పనులు చూసుకోవచ్చు."

డ్రయ్యర్ ఆమె చేతిలోంచి జారి టేబుల్ మీద పడింది.

"ఎవరి పెళ్ళి?"

"మీదే. చేరిన కొత్తలో మీరే చెప్పారుగా, సంబంధం కుదిరిందని."

"అది తప్పిపోయి ఏడాది దాటింది! వాచ్‌మన్ దాకా అందరికీ తెలుసు!"

"నాకు... ఎవరూ చెప్పలేదు."

"మీరు అడిగారా? రోజూ ఎదురుగా కూర్చుంటారు. వాన పడితే నా గొడుగులోకి సగమే వచ్చి, మిగతా సగం తడుస్తూ నడుస్తారు. ఒక్కసారైనా మళ్ళీ అడిగారా? చిప్‌నీ అడగరు, నన్నూ అడగరు!"

 అతను తడుముకుని కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు చటుక్కున లేచాడు.

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను మేడమ్. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె ఒకడుగు వెనక్కి వేసి, అతన్ని ఎగాదిగా చూసింది.

"అమ్మో! ఏడాదిగా నోరు విప్పని మనిషి, విప్పితే ఇదా?"

"తప్పయితే..."

"తప్పని ఎవరన్నారు? కానీ మేడమ్ మేడమ్ అంటూ ఎవరైనా పెళ్ళాడతారా?"

"మరి ఏమని పిలవమంటారు?"

ఆమె డ్రయ్యర్ తీసి వైరు చుట్టడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు గానీ బుగ్గలు నవ్వు దాచుకోలేకపోయాయి.

"అది మా నాన్నగారిని అడగండి. ఆదివారం ఇంట్లోనే ఉంటారు."