మూడుసార్లు కొట్టేసిన ఊరు

మే రెండో మంగళవారం ఉదయం తొమ్మిదింటికి సెక్షన్ చీఫ్ బోంగ్ ఒక ఫైలు బల్ల మీద పెట్టాడు. దాని మీద ఒక నంబరు, కింద ఒకే మాట: నారింజ.

"జేజూ వెళ్ళాలి," అన్నాడు. "జూన్ మూడు నుంచి ఆరు దాకా. భార్యతో."

"నాకు భార్య లేదు సార్," అన్నాడు ఏజెంట్ హ్యోన్ గిబోమ్.

"ఇచ్చాం. మూడో పేజీ చూడు."

నారింజ అంటే డాక్టర్ ప్యో. నీటి అడుగున వెళ్ళే సబ్‌మెరైన్ల చప్పుడు వినే పరికరం తయారుచేసిన మనిషి. జూన్ మొదటి వారంలో జేజూ దీవిలో అతని సెమినార్ ఉంది. అక్కడ ఒక విదేశీ ముఠా అతన్ని పడవెక్కించి తీసుకుపోవాలని చూస్తోంది. ఈ సంగతి చెప్పింది మూడో పేజీలో ఫోటో ఉన్న యోమ్ హివొన్. ముఠాలో పని చేస్తూ ఈ గూఢచారి ఆఫీసుకి కబుర్లు ఇచ్చే డబుల్ ఏజెంట్. జేజూ తూర్పు తీరంలో పుట్టింది. పడవ సొంగ్‌సాన్ రేవు నుంచి, అయిదో తేదీ ఉదయం పదకొండింటికి బయలుదేరుతుందని ఆమె సమాచారం. ఆ రేవు తనకి చిన్నప్పటి నుంచి తెలుసట.

డాక్టరుకి ఏమీ చెప్పరు. చెబితే అతను ఇల్లు కదలడు, ముఠా దొరకదు. సొంగ్‌సాన్‌లో ఆరుగురు మనుషులు కాపు కాస్తారు. హ్యోన్, హివొన్ భార్యాభర్తల్లా డాక్టరు చుట్టుపక్కల తిరగాలి. ఆ తిరుగుడు నిజమైన విహారయాత్రలా కనిపించాలి.

"నీదీ ఆ దీవే కదా," అన్నాడు బోంగ్. "ఆ సంగతి ఆమెకి చెప్పకు."

"ఎందుకు సార్?"

"ఊరికే. చెప్పకు."

చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హ్యోన్ రికార్డుల్లో పుట్టిన ఊరు ఇంచియోన్ అని ఉంటుంది. అతను జేజూ వదిలి ఇరవై ఆరేళ్ళయింది. తొమ్మిదేళ్ళ కిందట తల్లి పోయినప్పుడు వేరే దేశంలో, వేరే పేరుతో ఉన్నాడు. కబురు అందేసరికి పదకొండు రోజులు గడిచాయి.

సియోల్‌లోని మాపోలో ఒక నూడుల్స్ హోటల్ పైన, మూడో అంతస్తులో ఆఫీసు వాళ్ళ ట్రావెల్ ఏజెన్సీ ఉంది. నిజమైన కస్టమర్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురు వస్తారు. సీట్లు లేవని పంపేస్తారు. మూడు వారాల పాటు రోజూ మధ్యాహ్నం అక్కడే హ్యోన్, హివొన్ ఎదురెదురుగా కూర్చుని ప్రయాణం రాశారు. ఏ విమానం, ఏ కారు, సముద్రం వైపు గది, ఒకే రకం టీషర్టులు రెండు. డాక్టరు నడిచే దారి పక్కన ఏ గంటకి ఎక్కడ కాఫీ తాగాలి. అంతా ఒక పెద్ద కాగితం మీద పెన్సిల్‌తో రాశారు.

భార్యాభర్తల మాట అలవాటు కావాలని మొదటి రోజే హివొన్, "ఏమండీ, ఆ రబ్బరు ఇటివ్వండి," అంది. హ్యోన్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ ఉంది.

ఆమె నవ్వింది. "మిమ్మల్నే."

ఆమె కట్టుకున్న గడియారంలో కెమెరా ఉంది. ఆమె పెర్ఫ్యూమ్ వాసన ఆ గదిలో సాయంత్రం దాకా ఉండేది. హ్యోన్ ఆరింటికి తాళం వేసి, కన్వీనియన్స్ స్టోర్‌లో డబ్బా అన్నం కొనుక్కుని, ఒంటిగది ఫ్లాట్‌కి వెళ్ళేవాడు. శని, ఆదివారాలు ఆఫీసు మూసి ఉండేది. ఆ రెండు రోజులూ అతను ఎవరితోనూ మాట్లాడిన సందర్భం లేదు.

మొదటి మూడు రోజులూ డాక్టరు కోసం. నాలుగో రోజు డాక్టరు సియోల్‌కి వెళ్ళిపోతాడు. ఆ రోజు ఖాళీగా ఉంటే అనుమానం వస్తుంది కాబట్టి ఏదో ఒకటి రాయమన్నాడు బోంగ్. ఆ ఒక్క రోజు రాయడానికి వాళ్ళకి అయిదు మధ్యాహ్నాలు పట్టింది. హివొన్‌కి అగ్నిపర్వతం నోటి అంచు మీద నడవాలని ఉంది. హ్యోన్‌కి నడిచాక ఎక్కడైనా కూర్చోవాలని ఉంది.

అతను ఇంకొకటి కూడా రాశాడు. నైరుతి తీరంలో, అతని ఊరికి రెండు ఊళ్ళ అవతల, ఒక చిన్న రేవు. ఊరు చూడలేకపోయినా దగ్గరదాకా వెళ్ళొచ్చని. కారణం చెప్పలేదు. హివొన్ అక్కడ గాలి ఎక్కువని కొట్టేసింది. వారం పోయాక మూడో రోజు కింద రాశాడు. తిండి బాగుండదని కొట్టేసింది. చివరి వారంలో మరోసారి రాశాడు. దూరమంటూ ఆ గీత పెన్సిల్‌తో కాకుండా పెన్నుతో కొట్టింది.

మే ముప్పైన ప్లాన్ పూర్తయింది. హివొన్ కిటికీ దగ్గర నిలబడి చిన్నప్పటి సంగతి చెప్పింది. తనకి పదేళ్ళప్పుడు మే నెలలో ఇల్లు మారారట. తోటలన్నీ నారింజ పూలట. బండి మీద పరుపుల మధ్య కూర్చుని కొత్తింటికి వెళ్తుంటే దారంతా ఆ వాసనేనట.

హ్యోన్ బాగుందన్నాడు. ఆమె వెళ్ళాక కూడా చాలాసేపు ఆ కుర్చీలోనే ఉన్నాడు.

జేజూలో మే నెలలో ఎవరూ ఇల్లు మారరు. జనవరి చివర ఒక వారం ఉంటుంది. పాత ఏడాది దేవతలు పని అప్పగించి పైకి వెళ్తారు, కొత్తవాళ్ళు ఇంకా దిగరు. ఇంటి మీద ఎవరి కన్నూ ఉండని ఆ వారంలోనే దీవి అంతా సామాన్లు కడుతుంది. మిగతా రోజుల్లో గుమ్మానికి మేకు కొట్టడానికి కూడా జంకుతారు. హ్యోన్ తల్లి కప్పు కారుతున్నా జనవరి దాకా ఆగింది.

హివొన్ ఆ దీవిది కాదు. అలాంటప్పుడు ఆమె చెప్పిన సొంగ్‌సాన్ మాట కూడా నమ్మడానికి లేదు. హ్యోన్ గోడ మీది కాగితం ముందుకి వెళ్ళాడు. దీవిలో ప్రతి మూలకీ ఆమె ఒప్పుకుంది, ఒక్క రేవుకి తప్ప.

బోంగ్ మొత్తం విన్నాడు.

"చిన్నపిల్లప్పటి ఇల్లు మార్పు మీద ఆరుగురిని అటు నుంచి ఇటు తిప్పనా? పైవాళ్ళకి ఏమని రాయను?"

"ఉన్నదే రాయండి సార్."

"ఆరుగురూ సొంగ్‌సాన్‌లోనే ఉంటారు." బోంగ్ ఫైలు మూశాడు. "నువ్వు కారు ఎక్కడ పార్క్ చేస్తావో నేను అడగను."

జూన్ అయిదు. ఉదయం తొమ్మిదింటికి సొంగ్‌సాన్ రేవులో జనం. హివొన్ కారు దిగింది. వెడల్పు టోపీ, నల్లద్దాలు, జంట టీషర్టు. పార్కింగ్ చూసి వస్తానని హ్యోన్ బండి తిప్పాడు. గంటా ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపాడు. పిస్టల్ ఆరుగురి దగ్గరే ఉండిపోయింది. ఆ టీషర్టు కింద దాచడానికి చోటు లేదు.

నైరుతి రేవులో ఒక తెల్ల పడవ ఇంజన్ ఆడుతూ ఉంది. డాక్టర్ ప్యో లైఫ్ జాకెట్ వేసుకుని ఒక కాలు పడవలో పెట్టాడు. చేపలు పట్టే బట్టల్లో ఇద్దరు మగవాళ్ళు అతనికి చెయ్యందిస్తున్నారు. ఒకడి పక్కన ఐస్ పెట్టె. డాక్టరు దృష్టిలో అది చేపల వేట. పరిగెత్తినా నలభై గజాలు దాటేలోపు పడవ కదులుతుంది.

గట్టు మీద గుడారం కింద ఎనిమిది మంది ముసలి మునకవాళ్ళు రబ్బరు సూట్లలో కూర్చుని సీ అర్చిన్లనే ముళ్ళ సముద్రజీవుల్ని కత్తులతో చీలుస్తున్నారు. ఊపిరి బిగబట్టి సముద్రంలో దిగి బతికే ఆడవాళ్ళు. హ్యోన్ తల్లి కూడా ఆ పనే చేసింది. ఆ దీవిలో పెద్దవాళ్ళని, ఆడా మగా తేడా లేకుండా, బాబాయ్ అనే పిలుస్తారు.

"బాబాయ్," అన్నాడు హ్యోన్, ఇరవై ఆరేళ్ళుగా వాడని యాసలో, అందరిలోకీ పెద్దామెతో. "ఆ పెట్టెలో మీ నత్తలున్నాయి."

జూన్ ఒకటి నుంచి మూడు నెలలు ఆ నీళ్ళలో నత్త తీయడం నిషేధం. ఆకలేసినా వాళ్ళే తీయరు. ఎనిమిది మందీ ఒకేసారి లేచారు, చేతుల్లో కత్తులతోనే. ఇద్దరు తాడు పట్టుకున్నారు. ఒకామె డాక్టర్ని చొక్కా పట్టి గట్టు మీదికి లాగింది, అతనూ దొంగే అనుకుని. ముఠావాళ్ళు మర్యాదగా మాట్లాడబోయారు, తర్వాత ఒకడు ఇంజన్ వేగం పెంచబోయాడు. పెద్దామె పడవలోకి దిగి ఇంజన్ తాళంచెవి లాగి, రబ్బరు సూటు మెడలోంచి లోపలికి జారవిడిచింది. అక్కడి నుంచి దాన్ని తీయగల ఏజెంటు ఏ దేశంలోనూ లేడు.

పెట్టెలో ఒక మత్తు సూది మందు, డాక్టరు ఫోటోతో ఇంకో పేరు మీద పాస్‌పోర్టు ఉన్నాయి.

"నత్తలేవిరా?" అంది పెద్దామె.

"పొరబాటుగా చూశాను బాబాయ్."

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఎవరబ్బాయివి నువ్వు?"

హ్యోన్ తల్లి పేరు చెప్పాడు.

"ఆవిడకి ఒక్కడే కొడుకు. విదేశంలో పోయాడన్నారే."

"నేను బంధువుని," అన్నాడు హ్యోన్.

పోలీసులు వచ్చాక అతని ఫోన్ మోగింది. పదకొండు దాటి అయిదు నిమిషాలు.

"ఏమండీ," అంది హివొన్. "కారు ఎక్కడ పెట్టారు?"

"గాలి ఎక్కువగా ఉన్నచోట."



"ఎలా తెలిసింది?"

"మే నెలలో ఇక్కడ ఇల్లు మారరు."

"ఈ దీవి మీద నాలుగు పుస్తకాలు చదివాను," అంది ఆమె. "ఒక్కడూ రాయలేదు." ఆమె పక్కన ఎవరో మగవాళ్ళ గొంతులు దగ్గరయ్యాయి. "నాలుగో రోజు మాత్రం నేను ముఠా కోసం రాయలేదు. అది మీరు నమ్మక్కర్లేదు."

లైన్ కట్టయింది.

తిరుగు విమానం మర్నాడు సాయంత్రానికి. హ్యోన్ ఉదయం అగ్నిపర్వతం నోటి అంచు మీద నడిచాడు. మధ్యాహ్నం ఒక హోటల్లో కూర్చుని చేప పులుసు చెప్పాడు. "అది ఇద్దరికి తగ్గకుండానే వండుతాం," అంది హోటలామె. ఇద్దరికే పెట్టమన్నాడు.

ఆమె రెండు జతల చాప్‌స్టిక్స్ సర్ది, అతని టీషర్టు వైపు చూసింది.

"మీ ఆవిడ వచ్చేదాకా ఆగమంటారా?"

"వద్దు," అన్నాడు హ్యోన్. "ఆవిడకి ప్రభుత్వం వాళ్ళు భోజనం పెడుతున్నారు."