లేని పురుగుకి మందు

"పురుగులు పట్టిన మొక్కలు అంటగట్టి పోతారా?"

మొక్కల నర్సరీ అబ్బాయితో టీచరు మాట్లాడిన మొదటి మాట అది. ఎండ తొంగిచూడని వాళ్ళ పెరట్లో అతను ఆరోజే అడవి ఫెర్న్‌లు నాటాడు. మనిషెత్తు పెరిగే రకం. ఆకు తిప్పి చూస్తే అడుగున వరసగా గోధుమరంగు చుక్కలు!

"పురుగులు కావు మేడమ్. ఫెర్న్‌కి పువ్వూ కాయా ఉండవు. ఆ చుక్కల్లోంచి పొడి రాలి కొత్త మొక్కలొస్తాయి. ఇంతకీ మీరే సబ్జెక్టు చెప్తారు?"

"ఫిజిక్సు. నవ్వారంటే ఊరుకోను!"

నవ్వాడు. ఆ నవ్వుకి జారిన టీచరు గుండె ఆ పెరట్లోనే ఎక్కడో పడింది. ఎంత వెతికినా దొరకలేదు.

ఆ తర్వాత వారం వారం వచ్చి మొదళ్ళ దగ్గర తడి చూసేవాడు. చివరికి పసిపిల్ల పిడికిలిలా చుట్టుకున్న కొత్త చిగుళ్ళు లేచాయి. "నిలదొక్కుకున్నాయండీ. ఇక నేను రానక్కర్లేదు," అని దిగాలుగా వెళ్ళిపోయాడు.

వారం గడిచేసరికి టీచరుకి పిచ్చెక్కినంత పనైంది. ఫోన్ చేసింది.

"ఏవండీ, పురుగులు!"

"ఏ రంగు?"

"గోధుమరంగు."

"ఆకు అడుగునా?"

"వరసగా!"

అవతలి గొంతులో హుషారొచ్చింది. "అమ్మో, చాలా ప్రమాదం! ఇప్పుడే వస్తున్నా."

జోరువానలో, నున్నగా దువ్విన తలతో, చేతిలో స్ప్రేయరుతో దిగాడు. ఆకు ఆకుకీ శ్రద్ధగా కొడుతున్నాడు. టీచరు గొడుగు పట్టింది, మొక్కకి కాదు, అతనికి.

పెరటి గుమ్మంలోకి అమ్మ వచ్చింది.

"వానలో మందేంటి బాబూ? ఏమే, అవి పురుగులు కావని నాకు పాఠం చెప్పింది నువ్వేగా?"

టీచరు గొడుగు వంచి మొహం దాచుకుంది.

"పోనీ, ఆ స్ప్రేయర్లో ఏముంది?"

"నీళ్ళండీ," అన్నాడతను నేల చూపులు చూస్తూ.

"సరిపోయారు ఇద్దరూ! నిజం చెప్పు. ఈ మొక్కల్ని ఎన్నాళ్ళకోసారి చూడాలి?"

వారానికోసారని చెప్పు, చెప్పు మహానుభావా! టీచరు ఊపిరి బిగబట్టింది.

మొక్కల విషయంలో అతనికి అబద్ధం నోటరాదు. "అస్సలు అక్కర్లేదండీ. నీడ, తడి ఉండి, రాలిన ఆకులు ఊడ్చేయకపోతే చాలు. నేను రాకపోయినా హాయిగా బతుకుతాయి."

టీచరు మొహం వాడిపోయింది.

"నేనే, మీ అమ్మాయిని చూడకుండా బతకలేనండీ," అనేశాడు.

అమ్మ తాపీగా కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఆదివారం మీ అమ్మానాన్నల్ని రమ్మను. మా మొక్కలు చూస్తారు."

"మా నాన్నకి మొక్కలు పడవండీ. తుమ్ములొస్తాయి..."

టీచరు అతని కాలు గట్టిగా తొక్కింది.

"వస్తారండీ!" అన్నాడు గబగబా. "తుమ్ముతూనే వస్తారు!"