గాలి ఎంత రా లాలూ

కొత్తగూడెం దాటినంక, టేకు అడవి అంచున, గ్లైడర్లు దిగే గడ్డి గ్రౌండ్ ఒకటుంటది. గ్లైడర్ అంటే ఇంజన్ లేని విమానం. అక్కడ లాలుగాని పని సింపుల్. గుంజకు కట్టిన గుడ్డ చూసుడు, గాలి ఎంతుందో వాకీటాకీల చెప్పుడు. పైనున్నోళ్లు దాన్నిబట్టే స్పీడ్ పెట్టుకొని దిగుతరు. గాలి లేకుంటే గంటకు తొంభై కిలోమీటర్లు. ఉంటే ఇంకో పదిహేను ఎక్కువ. స్పీడ్ తక్కువైతే రాయి లెక్క పడుడే.

పోయినేడు గిదే రోజు, పొద్దుగూకంగ, వాళ్లక్క ద్వాలి దిగుతున్నది. గాలి ఎంత రా లాలూ అనడిగింది. వీడు ఫోన్ల గేమ్ ఆడుకుంటనే గుడ్డ దిక్కు ఓ చూపు చూసిండు. కదుల్తలేదు. గాలి లేదక్కా, తొంభై సాలు అన్నడు. గుడ్డ చెట్ల చాటుకున్నది. పైన టేకు కొనలు ఊగుతున్నయని తలెత్తి చూడలే.

అక్క నమ్మింది. స్పీడ్ తగ్గించింది. పైగాలి దాటి కిందికి రాంగనే స్పీడ్ సాలక గ్లైడర్ చెట్లల్ల పడ్డది. అక్క బతకలే.

గేమ్ ఇంకా నడుస్తనే ఉండె. ఆ రాత్రే దాన్ని ఫోన్ల నుంచి తీసేసిండు.

ఎవ్వలకూ చెప్పలే. వాళ్లమ్మ మంగ్లి రోజూ గాలిని తిడతది. వీడు అన్నం కలుపుకుంట వింటడు.

ఇయ్యాల గ్లైడర్లన్నీ షెడ్డుల పెట్టిన్రు. గ్రౌండ్ చూసుకునే శ్రీధర్ సార్ తాళం ఏస్తుండు. లాలు చేతిల వాకీటాకీ గరగరమన్నది.

"గాలి ఎంత రా లాలూ?"

కొబ్బరినూనె వాసన... అక్క జడ వాసన. మొగులు మీద ఏం లేదు. కని ఈల లెక్క సన్నటి సప్పుడు... రెక్కలు గాలిని కోసుకుపోయే సప్పుడు... కిందికొస్తున్నది.

ఈసారి తలెత్తి చూసిండు. టేకు కొనలు ఊగుతున్నయ్.

బటన్ నొక్కిండు. "గాలుందక్కా... పైన బాగుంది... నూటయిదు పట్టు... తగ్గించకక్కా..."

శ్రీధర్ సార్ ఎనక్కి తిరిగిండు. "ఎవలతోని మాట్లాడుతున్నవ్‌రా? అన్నీ లోపలున్నయ్ గదా."

"నూటయిదనే అన్న గద సార్ నేను?"

"గాలి లేదక్కా, తొంభై సాలు... అంటివి గదా."

లాలు మల్ల బటన్ నొక్కబోయిండు.

"సరే రా..." అన్నది అక్క వాకీటాకీల. ఎప్పటిలెక్కనే, నవ్వుకుంట. "తొంభై."

ఈల సన్నబడ్డది... ఇంకా సన్నబడ్డది... ఆగింది.

జేబుల ఫోన్ మోగుతున్నది. ఆ గేమ్ పాటే.