పక్కన కూర్చునేవాడు

"రావద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు రూడి.

అందుకే వచ్చింది ఎల్‌ఫ్రీడా. ఎనిమిది నెలలుగా సెలవు దొరికినప్పుడల్లా హెంటీస్ బే ఊరికొచ్చి, ఆమె పనిచేసే బేకరీ చుట్టూ తిరిగి, పెళ్లి మాట కూడా ఎత్తిన మనిషి. తను కాపలా కాసే సీల్ జంతువుల తీరానికి మాత్రం ఆమెను రానివ్వడు.

"ఇక్కడ ఎవరినో దాచావు," అంది.

"అవును. రెండు లక్షల మందిని."

"అందంగా ఉంటారా?"

"అందరికీ మీసాలే."

నవ్వొచ్చింది గానీ, నవ్వితే సీళ్ల కంపు నోట్లోకి వెళుతుందని పెదాలు బిగించింది.

మేనమామ హిస్కియా పికప్ అద్దాలు ఎక్కించి, ముక్కుకు రుమాలు కట్టుకుని లోపలే ఉండిపోయాడు. తండ్రి లేని ఆమెకు ఆయనే పెద్ద. శనివారం రూడి తరఫు పెద్దలు పిల్లనడగడానికి వచ్చి గేటు బయట నిలబడతారు. లోపలికి పిలవాలో, వెనక్కి పంపాలో చెప్పేది ఆయనే. మనిషిని పని దగ్గర చూడాలంటూ పొద్దున్నే బండి తీశాడు.

చెక్కల నడవ మీద రూడి వెనకే నడిచింది. రెండువైపులా సీళ్లు, పొగమంచులో కలిసిపోయేంత దూరం. మధ్యమధ్య నల్లటి సీల్ పిల్లలు కదలకుండా పడున్నాయి.

"ఇంకా నిద్ర లేవలేదా?"

రూడి తల అడ్డంగా ఊపాడు. "చేపలు దూరం పోయాయి ఈ ఏడు. తల్లులు వాటి వెనకే పోతున్నాయి. మూడు రోజుల్లో రావలసినవి పది రోజులైనా రావు."

"చూడ్డానికి వచ్చేవాళ్లకి టికెట్లివ్వడమే నీ పనన్నావు."

"అది పదింటినుంచి. అంతకుముందు, నడవ పక్కన చచ్చినవాటిని పైనుంచే కొక్కెంతో ఈడ్చేస్తాను. జనం చూడకుండా."

అప్పుడే నడవ కింద ఒక పిల్ల అరిచింది, మేకపిల్లలా. నీళ్లలోంచి వచ్చిన ప్రతి ఆడసీల్ దగ్గరికీ పాకుతోంది. ఒకటి వాసన చూసి, తన పిల్ల కాదని మెడ పట్టి విసిరేసింది. అది లేచి మళ్లీ పాకింది.

"రూడీ, ఎత్తుకో దాన్ని. బండిలో పాలున్నాయి."

"కుదరదు."

"ఉద్యోగం పోతుందనా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె రెయిలింగ్ మీదుగా కాలు వేసింది. రూడి ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు, నొప్పి పుట్టేలా. అప్పటికే వందల తలలు పైకి లేచాయి.

"కదలకు," అన్నాడు గుసగుసగా.

ఒక్కొక్కటిగా తలలు వాలాయి. అతను చెయ్యి వదిలాడు.

"మొదటి ఏడు నేనూ దిగాను. ఒక్క పిల్ల కోసం. మంద మొత్తం బెదిరి సముద్రంలోకి పరిగెత్తింది. దాని కింద పడి నలభై ఒక్క పిల్లలు నలిగిపోయాయి. నేనెత్తుకున్నదీ బతకలేదు."

ఎల్‌ఫ్రీడా చెయ్యి రుద్దుకుంది. "మరి ఏం చేస్తావు?"

"పక్కన కూర్చుంటాను. మనిషి ఉంటే నక్క రాదు. బతికుండగా పీక్కు తినదు."

"ఎంతసేపు?"

"అయిపోయేదాకా."

అతను నడవ అంచునే, ఆ పిల్లకు దగ్గర్లో కూర్చున్నాడు. కాసేపు నిలబడి చూసి ఆమె కూడా కూర్చుంది, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా.

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు?"

"తెలిస్తే నన్ను వద్దంటావని."

"అనేదాన్నేమో."

సంచిలోంచి నూనెలో వేయించిన వెట్‌కూక్ రొట్టె ఒకటి తీసింది. అతను తన మురికి చేతులు చూపించాడు. ఆమె ముక్క తుంచి నోట్లో పెట్టింది. ఇంత చావు మధ్య అతని చెవులు ఎర్రబడటం చూసి, ఆమెకు సంతోషమేసింది. ఆ వెంటనే సిగ్గేసింది.

పిల్ల అరుపుల మధ్య ఎడం పెరిగింది. తరువాత వినపడలేదు. రూడి టోపీ తీశాడు.

వెనక ఎవరో దగ్గారు. హిస్కియా. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో, రుమాలు ముక్కు మీద లేదు.

"టికెట్ల దగ్గర జనం చేరారు, అబ్బాయ్."

"వస్తున్నా, మావయ్యా."

"ఇంకా మావయ్యను కాలేదు." ఆయన చాలాసేపు చచ్చిన సీల్ పిల్ల వైపు చూశాడు. "శనివారం మీవాళ్లను పెందలాడే రమ్మను. సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టిగానీ పిలవను. అది మా పద్ధతి. కానీ పిలుస్తాను."

రూడి లేచాడు. అంతలో నడవకు అటుపక్క ఇంకో పిల్ల అరవడం మొదలుపెట్టింది. అతని అడుగు ఆగిపోయింది.

"నువ్వెళ్లి టికెట్లు ఇచ్చిరా," అంది ఎల్‌ఫ్రీడా, అటువైపు జరిగి కూర్చుంటూ. "దీని దగ్గర నేనుంటాను."