ఆగయ్య బదిలీ

మమతకి కంప్యూటరంటే భయం లేదు, బొగ్గుబావంటే భయం లేదు. ఎవరైనా వచ్చి "నీ వల్ల కాదులే" అంటే మాత్రం ఒళ్లు మండుతుంది. హైదరాబాద్ ఆఫీసులో అలా అన్నవాళ్ల దగ్గరే పట్టుబట్టి ఈ పని తీసుకుంది. గోదావరిఖనిలో తండ్రి ఇంటికొచ్చి, కుట్టుమిషను బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

గనిలో గాలిని కొలిచే పరికరాలు పంపే లెక్కల్ని ఎప్పటికప్పుడు చదవాలి, విషవాయువు పెరిగితే పైన సైరన్ మోగించాలి. అదీ పని. ఆ చదివే ప్రోగ్రాములు ఉండేది ఇక్కడ కాదు, ఎక్కడో అద్దెకిచ్చే పెద్ద కంప్యూటర్లలో, క్లౌడ్‌లో. ఒక్కో ప్రోగ్రామును డబ్బాలాంటి ఒక్కో కంటైనర్‌లో పెట్టి, అలాంటివి ఆరింటిని కలిపి క్లస్టర్ కట్టాలి. క్లస్టర్ అంటే గనిలో మనుషుల్ని పనికి పెట్టే సర్దారు లాంటిదే. ఆరుగురు పనిలో ఉండాలని ఒక్కసారి చెబితే చాలు, ఒకరు పడిపోతే మనల్ని అడగకుండానే ఇంకొకరిని తెచ్చి నిలబెడుతుంది.

బొగ్గుబావుల ఊళ్లో దానికి పాతపేరే ఉంది. డ్యూటీకి రానివాడి చోట దిగేవాడు బదిలీ. మమత సెట్టింగులో ఆ మాటే రాసింది. అంతటితో ఊరుకుంటే మమత ఎందుకవుతుంది? కంటైనర్లకి ఉత్త అంకెలేమిటని తండ్రి పాత గ్యాంగువాళ్ల పేర్లు పెట్టింది. సదయ్య, రాజం, అంజి... అందరికన్నా పైన తండ్రి పేరు, ఆగయ్య. ముచ్చటపడి చేసిన పని, దానికి ఆమెను తిట్టలేం.

బయట ముసురు. మధ్యాహ్నమే అయినా ఇల్లు మసకగా ఉంది. పక్కగదిలో ఆగయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు. ఏళ్ల తరబడి మింగిన బొగ్గుదుమ్ము ఊపిరిలో గరగరలాడుతోంది. ఆ చప్పుడు ఆగకుండా వినిపిస్తేనే మమతకి ధైర్యం. తల్లి పోయాక ఆమెకి మిగిలింది ఆయనొక్కడే.

ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. వంటింట్లో గిన్నెలు కదిలాయి. కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ మాత్రం వెలుగుతూనే ఉంది. తెర మీద ఆగయ్య అన్న పేరు పక్కన "ఆగిపోయింది" అని వచ్చింది.

మమతకి మనసు చివుక్కుమంది. మరుక్షణం ఆ చోట బదిలీ లేచింది. దాని పేరు కొమురెల్లి.

ఆ పేరు ఆమె రాయలేదు. సెట్టింగులన్నీ పైనుంచి కిందికి మళ్లీ చూసింది. ఎక్కడా లేదు. గదిలో తడి బొగ్గు వాసన, పేలిన మందు వాసన. కిటికీలు మూసే ఉన్నాయి.

"బాపూ, మీ గ్యాంగుల కొమురెల్లి అని ఎవలన్న ఉన్నరా?"

పక్కగదిలో గరగర ఆగింది. సన్నగా గొంతు వచ్చింది. "ఆ పేరు నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే. ఎవలు బాపూ ఆయన?"

"నువ్వు పుట్టిన రోజు, బిడ్డా... దవాఖానకు పోవాలెనని నాగా పెట్టిన. నా బదిలీకి వాడు దిగిండు. పైబండ పడ్డది. ఆ దారికి గోడ కట్టి మూసిన్రు."

"సచ్చిపోయిండా?"

"పైకి రాలే," అన్నాడు ఆగయ్య. "గంతే నాకెరుక."

మమత తెర వైపు తిరిగింది. కొమురెల్లి ఏదో రాస్తోంది. గాలి లెక్కలు కావు.

షిఫ్టు అయిపోయింది.

బదిలీ రాలే.

షిఫ్టు అయిపోయింది.

బదిలీ రాలే.

దాని కింద ఇంకో వరుస పుట్టింది. ఆగయ్య... దిగుతోంది.

పక్కగదిలో ఊపిరి ఎగబీల్చిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. మమత పరిగెత్తింది. తండ్రి నోరు తెరుచుకుని ఉంది, కళ్లు పైకప్పు మీద ఉన్నాయి, చెయ్యి పట్టుకుంటే మంచు. నేల కింద ఎక్కడో పట్టాల మీద బొగ్గు టబ్బులు కదులుతున్నట్టు ఇనుము మీద ఇనుము రాసుకుంటోంది...

వెనక్కొచ్చి ఆ వరుసను చెరిపేసింది. లోపల ఊపిరి వచ్చింది. అంతలోనే వరుస మళ్లీ పుట్టింది. ఊపిరి ఆగింది. చెరిపింది. పుట్టింది. చెరిపింది...

పుట్టింది.

అప్పుడు మమతకి భయం పోయి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. తను పుట్టినందుకు తండ్రి ఇన్నేళ్లు కుమిలింది చాలక, ఇప్పుడు ప్రాణం కూడా కట్టాలా?

"మా బాపును ఇయ్య," అంది తెరతో, గుసగుసగా. తర్వాత గట్టిగానే అంది. "ఇయ్యనంటే ఇయ్య! ఏం చేస్తవో చేస్కో!"

చెరిపితే లాభం లేదు. ఆరుగురు కావాలని అడిగినంతకాలం క్లస్టర్ ఆరో మనిషిని తెస్తూనే ఉంటుంది. చెరపాల్సింది మనిషిని కాదు, ఆ జాగాను. ఆరు కొట్టేసి ఐదు రాసింది.

"నీ షిఫ్టు అయిపోయింది, కొమురెల్లి కాకా. నీ జాగల ఎవ్వలు దిగరు. దిగనియ్య. నువ్వే పైకి ఎక్కిరా."

నొక్కింది.

ఆగయ్య వరుస పోయింది. కొమురెల్లి పోయింది. ఐదు పేర్లు బుద్ధిగా పని చేసుకుంటున్నాయి. లోపలి నుంచి ఊపిరి వినిపించింది, గరగర లేదు, పసిపిల్లవాడు నిద్రపోతున్నంత మెత్తగా ఉంది. మమత బల్ల మీద తల పెట్టి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. గెలిచానని ఆమెకి గట్టి నమ్మకం.

పెరట్లో ఎవరో చెంబుతో నీళ్లు పోసుకుంటున్నారు.

వెళ్లి చూసింది. స్నానాలగది తలుపు దగ్గరగా వేసి ఉంది. తూములోంచి నీళ్లు వస్తున్నాయి. నల్లటి నీళ్లు. ఆగకుండా... ఎంత కడిగినా తరగని నలుపు.

మమత చప్పుడు చెయ్యకుండా వెళ్లి బయటి గడియ పెట్టేసింది. నీళ్ల చప్పుడు ఆగింది.

"బిడ్డా, తువ్వాల ఇయ్యి."

బాపు గొంతు.

"ఎవలైనా సరే, లోపల్నే ఉండు," అంది మమత, పళ్లు బిగించి. "మా బాపు మంచంల పండుకున్నడు."

"నేనే బిడ్డా... ఇక్కడికెట్ల వచ్చిన్నో నాకే తెల్వదు. గడియ తియ్యి. సలి పెడుతుంది." ఆ గొంతులో ఏడుపు ఉంది, ఏడుపు వెనక పాత గరగర ఉంది.

ఆమె వెనక్కి అడుగులేస్తూ గదిలోకి వచ్చింది. మంచం మీద మనిషి మెడదాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. అదే ముఖం, అదే నెరిసిన మీసం.

"బాపూ?"

ఆయన కళ్లు తెరిచాడు. ఆమెను చూసి చల్లగా నవ్వాడు. మాట్లాడొద్దన్నట్టు దుప్పటిలోంచి చెయ్యి తీసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఆ గోటి కింద బొగ్గు ఉంది, ఇంకా తడిగా.